మీకు తెలుసా? మరమ్మతు వచ్చినా మీ బ్రౌజర్లో కన్నం పూడి ఉండకపోవచ్చు

ఒక వెబ్ పేజీలో ఫొటో తెరుచుకుంది. మీరు దేన్నీ నొక్కలేదు, ఏ ఫైలూ డౌన్‌లోడ్ చేయలేదు, ఎవరికీ పాస్‌వర్డ్ చెప్పలేదు. అయినా ఆ ఫొటోను బ్రౌజర్ తెర మీద చూపించే ప్రయత్నంలోనే, ఎవరో రాసిన ప్రోగ్రామ్ మీ కంప్యూటర్లో నడవడం మొదలుపెట్టవచ్చని మీకు తెలుసా? 2023 సెప్టెంబరులో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, బ్రేవ్, ఒపెరా బ్రౌజర్లు ఒకదాని వెనక ఒకటి హడావుడిగా కొత్త వెర్షన్లు విడుదల చేసింది ఈ ప్రమాదం వల్లే.

ఆ ఫొటో ఫార్మాట్ పేరు వెబ్‌పీ. గూగుల్ దీన్ని 2010లో ప్రకటించింది. తక్కువ సైజులో బొమ్మను ఇముడుస్తుంది కాబట్టి వార్తల సైట్లు, షాపింగ్ సైట్లు దీన్ని ఇష్టంగా వాడతాయి. మనం వాట్సాప్‌లో పంపుకునే స్టిక్కర్లూ ఈ ఫార్మాట్‌లోనివే. ఇలా కుదించిన బొమ్మను మళ్లీ విప్పి చూపించే పని లిబ్‌వెబ్‌పీ అనే లైబ్రరీది. ఎవరైనా తమ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకొని వాడుకోగల రెడీమేడ్ కోడ్ అది.

బొమ్మను కుదించడానికి వాడే కిటుకుల్లో ఒకటి హఫ్‌మన్ కోడింగ్. దాని వయసు డెబ్బై ఏళ్లు దాటింది. 1951లో అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ ఫానో అనే ప్రొఫెసర్, ఫైనల్ పరీక్ష రాస్తారా లేక ఒక వ్యాసం సమర్పిస్తారా అని తన విద్యార్థులను అడిగారు. డేవిడ్ హఫ్‌మన్ అనే విద్యార్థి వ్యాసం ఎంచుకుని, గురువుకే కొరుకుడుపడని సమస్యకు పరిష్కారం కనిపెట్టాడు. 1952లో అచ్చయిన ఆ పద్ధతి సూత్రం తేలికైనది. తరచూ వచ్చే విలువకు పొట్టి సంకేతం, అరుదుగా వచ్చేదానికి పొడుగు సంకేతం. జిప్ ఫైళ్లలో, జేపెగ్ ఫొటోల్లో, ఎంపీ3 పాటల్లో ఇప్పటికీ పనిచేస్తున్నది అదే. హఫ్‌మన్ ఆలోచన నిక్షేపంగా ఉంది. తప్పు దొర్లింది దాన్ని లిబ్‌వెబ్‌పీ కోడ్‌గా రాసినచోట.

బొమ్మను విప్పేముందు ఆ లైబ్రరీ ఏ సంకేతానికి ఏ విలువో చెప్పే పట్టిక ఒకటి తయారుచేసుకోవాలి. ఆ పట్టిక గరిష్ఠంగా ఎంత ఉండొచ్చో ముందే లెక్కగట్టి, అంత మెమరీ కేటాయించి పెట్టారు. సక్రమమైన బొమ్మల విషయంలో ఆ లెక్క తప్పదు. కానీ సంకేతాల పొడవులు ఎంతెంతో చెప్పేది బొమ్మ ఫైలే కదా! ఆ ఫైలును కావాలని అడ్డదిడ్డంగా తయారుచేస్తే, పట్టిక తనకిచ్చిన చోటు దాటిపోతుంది. ఇరవై బస్తాలు పట్టే గాదెలో ఇరవై మూడో బస్తా కూడా పోస్తే గింజలు పక్క గాదెలో పడ్డట్టు, పొంగిపోయిన డేటా పక్కనున్న మెమరీలోకి చేరుతుంది. అక్కడ ఏముంటుందో అంచనా వేయగల దుండగుడికి ఇంతకన్నా కావలసింది లేదు. ఆ విలువలను తనకు అనుకూలంగా మార్చి, బ్రౌజర్ చేత తన ఆదేశాలు పాటింపజేయడానికి ఇది తొలిమెట్టు. ఫైలు చెల్లనిదని లైబ్రరీ ఎలాగూ కనిపెడుతుంది. అయితే అప్పటికే రాయకూడని చోట రాసేసి ఉంటుంది. తర్వాత చేసిన మరమ్మతు కూడా చిన్నదే. ఫైలు చెల్లుతుందో లేదో ముందు చూసుకుని, పట్టికకు చోటు సరిపోకపోతే మరింత కేటాయించుకున్నాకే రాయడం మొదలుపెట్టమన్నారు.

ఈ కన్నం గురించి సెప్టెంబర్ 6న గూగుల్‌కు తెలిపింది యాపిల్ భద్రతా విభాగం, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్. వాషింగ్టన్ కేంద్రంగా పనిచేసే ఒక పౌరసంస్థ ఉద్యోగి ఐఫోన్‌ను పరీక్షించినప్పుడు, పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్‌ను అందులోకి చొప్పించిన పద్ధతి సిటిజన్ ల్యాబ్‌కు దొరికింది. ఐమెసేజ్‌లో వచ్చిన బొమ్మలే అక్కడ ఆయుధాలు. ఫోన్ సొంతదారు ఆ మెసేజ్‌ను తెరవనక్కర్లేదు కూడా. యాపిల్ సెప్టెంబర్ 7న, గూగుల్ 11న, ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా 12న మరమ్మతులు విడుదల చేశాయి. ఐఫోన్‌లో బయటపడిన బొమ్మల లోపం, లిబ్‌వెబ్‌పీ లోపం ఒకటే అయి ఉంటాయని ఆ తర్వాత కోడ్‌ను పరిశీలించిన నిపుణులు అంచనా వేశారు.

ఇంతకన్నా కలవరపెట్టే సంగతి ఇంకోటుంది. మొదట్లో దీన్ని క్రోమ్ లోపంగానే రికార్డుల్లో నమోదు చేశారు. నిజానికి లిబ్‌వెబ్‌పీని వాడే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఈ కన్నం ఉంది. స్లాక్, డిస్కార్డ్, సిగ్నల్ డెస్క్‌టాప్, ప్రోగ్రామర్లు వాడే వీఎస్ కోడ్ లాంటివి విడి యాప్‌లలాగే కనిపిస్తాయి. వాటి లోపల ఉండేది మాత్రం ఎలక్ట్రాన్ అనే చట్రంలో బిగించిన క్రోమియం, అంటే క్రోమ్‌కు మూలమైన బ్రౌజర్. మీ కంప్యూటర్లో ఒక్క బ్రౌజరే ఉందని మీరనుకుంటున్నా, పేరు మార్చుకున్నవి మరో మూడు నాలుగు ఉండే అవకాశం ఉంది. క్రోమ్‌ను సరిచేసుకుని వాటిని మరిచిపోతే పని సగమే అయినట్టు.

డౌన్‌లోడ్ అయిందంటే సరిపోతుందా?

సరిపోదు. ఈ కాలమ్ రాయడానికి అసలు కారణం ఇదే. బ్రౌజర్లు తమంతట తాము అప్‌డేట్ అవుతాయని చాలామందికి తెలుసు, అందుకే నిశ్చింతగా ఉంటారు. క్రోమ్ కొత్త వెర్షన్‌ను గుట్టుచప్పుడు కాకుండా డౌన్‌లోడ్ చేసి పక్కన పెట్టుకునే మాట నిజం. కానీ మీ ముందు తెరిచి ఉన్నది, మెమరీలో నడుస్తున్నది పాత వెర్షనే. బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిచేదాకా అదే నడుస్తుంది, ఆ కన్నంతోనే నడుస్తుంది.

ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసే అలవాటు మనలో చాలామందికి పోయింది. మూత వేస్తాం, మర్నాడు తీస్తాం. ముప్పై నలభై ట్యాబ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. అవి పోతాయేమోనన్న భయంతో బ్రౌజర్‌ను వారాల తరబడి మూయనివాళ్లున్నారు. విండోస్‌లో అన్ని విండోలూ మూసినా, సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లకు అనుమతి ఉంటే క్రోమ్ వెనకాల బతికే ఉండవచ్చు. మ్యాక్‌లో ఎర్ర చుక్క నొక్కితే విండో ఒక్కటే మూతపడుతుంది. బ్రౌజర్ ఆగాలంటే మెనూలో క్విట్ నొక్కాలి, లేదా కమాండ్, క్యూ మీటలు కలిపి నొక్కాలి.

క్రోమ్ పైన కుడిపక్క మూలన మూడు చుక్కలుంటాయి. అప్‌డేట్ ఎదురుచూస్తుంటే అక్కడే రంగు మారుతుంది. ఆకుపచ్చ కనిపిస్తే అప్‌డేట్ విడుదలై రెండు రోజుల లోపే అయిందని అర్థం. నారింజ అంటే సుమారు నాలుగు రోజులు. ఎరుపు అంటే కనీసం వారం దాటింది. ఆ ఎరుపును పక్కన పెట్టుకునే బ్యాంకు లావాదేవీలు చేసేవాళ్లను తలచుకుంటే నాకు నిజంగా గుండె దడ పుడుతుంది. వారం రోజులుగా సిద్ధంగా ఉన్న రక్షణ అది. ఒక్క నొక్కు చాలు.

రంగు కనిపించేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్. ఆ పేజీ తెరవగానే బ్రౌజర్ తనంతట తానే కొత్త వెర్షన్ కోసం వెతికి తెచ్చుకుంటుంది. తర్వాత రీలాంచ్ అనే బటన్ కనిపిస్తే నొక్కండి. ట్యాబ్‌లు మళ్లీ అవే తెరుచుకుంటాయి. ఇన్‌కాగ్నిటో విండోలు మాత్రం తిరిగి రావు. ఏ దరఖాస్తయినా సగం నింపి ఉంటే ముందు అది పూర్తిచేయండి. ఫైర్‌ఫాక్స్‌లోనూ దారి ఇలాంటిదే. మూడు గీతలు, హెల్ప్, అబౌట్ ఫైర్‌ఫాక్స్. ఎడ్జ్‌లో సెట్టింగ్స్ చివర అబౌట్ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్. మ్యాక్‌లో సఫారీ విడిగా కాకుండా సిస్టమ్ అప్‌డేట్లతో కలిసి వస్తుంది.

ఐఫోన్ సంగతీ ఒక ముక్క చెప్పాలి. మన దేశంలో ఐఫోన్ మీద క్రోమ్ వాడినా, ఫైర్‌ఫాక్స్ వాడినా లోపల పేజీని గీసి చూపేది యాపిల్ వారి వెబ్‌కిట్టే. అందుకే అక్కడ బ్రౌజర్ యాప్‌ను ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా, ఐఓఎస్‌ను అప్‌డేట్ చేయకపోతే అసలు కన్నం అలాగే ఉంటుంది.

మరమ్మతే దొంగకు దారి చూపిస్తుందా?

అవును. క్రోమియం కోడ్ అందరికీ కనిపించేలా బహిరంగంగా ఉంటుంది. ఎవరైనా లోపాన్ని సరిదిద్దితే ఆ మార్పు కూడా ముందు అక్కడే కనిపిస్తుంది. అది పరీక్షలన్నీ దాటి మీ కంప్యూటర్‌కు చేరడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా ఆ మార్పును శ్రద్ధగా చదివినవాడికి ఎక్కడ కన్నం ఉండేదో తెలిసిపోతుంది. ఈ వ్యవధి ఒకప్పుడు సగటున 35 రోజులుండేదని, తర్వాత సుమారు 15 రోజులకు తగ్గిందని గూగులే చెప్పింది. 2023 ఆగస్టులో వచ్చిన క్రోమ్ 116 నుంచి భద్రతా మరమ్మతులను వారం వారం విడుదల చేయడం మొదలుపెట్టింది కూడా దీన్ని ఇంకా కుదించడానికే.

అందుకే గూగుల్ ప్రకటనలు ముక్తసరిగా ఉంటాయి. ఎక్కువమంది వాడకందార్లకు మరమ్మతు అందేదాకా లోపం వివరాలు బయటపెట్టబోమని అందులోనే రాస్తారు. మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2004 నుంచి పనిచేస్తోంది. ఫలానా వెర్షన్ కన్నా పాత క్రోమ్‌లో తీవ్రమైన లోపాలున్నాయని అది తరచూ హెచ్చరికలు ఇస్తుంటుంది. మన పత్రికల్లో, టీవీల్లో అది 'క్రోమ్ వాడేవారికి కేంద్రం హెచ్చరిక' అన్న శీర్షికతో వస్తుంది. జనం బెదిరిపోతారు, బంధువుల గ్రూపుల్లో పంచుకుంటారు, తమ బ్రౌజర్‌ను మాత్రం రీలాంచ్ చేయరు. ఆ హెచ్చరికలో సాధారణంగా చెప్పేది ఒక్కటే: అప్‌డేట్ చేసుకోండి. హెచ్చరిక మీకు చేరేసరికి మరమ్మతు సిద్ధంగా ఉండటమే ఎక్కువ.

గోడ ఉందని తెలుసు, దాన్ని దాటారని తెలుసా?

2008లో క్రోమ్ మొదటిసారి వచ్చినప్పుడే ప్రతి వెబ్ పేజీనీ శాండ్‌బాక్స్ అనే కట్టుదిట్టమైన హద్దులో నడిపే పద్ధతి పెట్టారు. పేజీ లోపల దుష్ట కోడ్ నడిచినా మీ ఫైళ్లను ముట్టుకోలేదు. కాబట్టి మామూలుగా దుండగుడికి రెండు లోపాలు కావాలి. ఒకటి కోడ్ నడపడానికి, రెండోది ఆ హద్దు దాటడానికి.

2025 మార్చిలో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు పట్టుకున్న దాడి వాళ్లనే నివ్వెరపరిచింది. రష్యాలో మీడియా సంస్థలకు, విద్యాసంస్థలకు, ప్రభుత్వ కార్యాలయాలకు ప్రిమకోవ్ రీడింగ్స్ అనే సదస్సుకు ఆహ్వానం అన్నట్టు ఈమెయిళ్లు వచ్చాయి. లింకు నొక్కగానే క్రోమ్‌లో పేజీ తెరుచుకుంది, అంతటితో కంప్యూటర్ దుండగుల చేతికి చిక్కింది. శాండ్‌బాక్స్ అసలు లేనట్టే వాళ్లు దాటేశారు. విండోస్‌తో క్రోమ్ కలిసి పనిచేసేచోట తర్కంలో జరిగిన పొరపాటు ఆ దారి ఇచ్చింది. గూగుల్ మార్చి 25న దాన్ని పూడ్చింది. కోడ్ నడపడానికి వాడిన మొదటి లోపం పరిశోధకుల చేతికి చిక్కలేదు. అయినా రెండోదాన్ని మూసేయడంతో ఆ దాడి గొలుసు తెగిపోయింది. ఈ వార్త చూసిన మొజిల్లా ఇంజినీర్లు తమ కోడ్‌ను కూడా వెతికి, విండోస్ ఫైర్‌ఫాక్స్‌లో అదే తీరు లోపాన్ని కనిపెట్టి మార్చి 27న మరమ్మతు విడుదల చేశారు. పోటీ సంస్థకు జరిగిందాన్ని చూసి ఇంత త్వరగా సొంత ఇల్లు సర్దుకున్న ఆ ఇంజినీర్లంటే నాకు గౌరవం.

మంచి సైట్లు మాత్రమే చూస్తే చాలా?

చాలదు. పేజీ ఆ సైటుదే అయినా, అందులో కనిపించే ప్రకటన ఇంకెక్కడి నుంచో వస్తుంది. 2015 ఆగస్టులో రష్యాకు చెందిన ఒక వార్తల సైటులో కనిపించిన ప్రకటన, ఫైర్‌ఫాక్స్‌లో పీడీఎఫ్ చూపించే భాగంలోని లోపాన్ని వాడుకుంది. వార్త చదువుతున్న పాఠకుల కంప్యూటర్లలో సర్వర్ల పాస్‌వర్డ్‌లు దాచుకునే ఫైళ్ల కోసం గాలించి, దొరికినవాటిని వేరే సర్వర్‌కు పంపేసింది. ఎలాంటి ఆనవాలూ మిగల్చలేదు. ఆగస్టు 6న మొజిల్లా మరమ్మతు విడుదల చేస్తూ, ప్రకటనలను అడ్డుకునే సాఫ్ట్‌వేర్ వాడుతున్నవారు దీన్నుంచి తప్పించుకుని ఉండవచ్చని రాసింది. మంచి యాడ్ బ్లాకర్ చికాకును తగ్గించడంతోపాటు కాపలా కూడా కాస్తుందని నేను నమ్మడానికి ఆధారం ఇలాంటి ఘటనలే.

పదింట ఏడు ఒకే రకం

క్రోమ్‌లో బయటపడే తీవ్రమైన భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీని తప్పుగా వాడటం వల్ల వచ్చేవేనని గూగుల్ 2020లో తెలిపింది. వెబ్‌పీ లోపం కూడా ఆ జాతిదే. సీ, సీ ప్లస్ ప్లస్ భాషలు ప్రోగ్రామర్‌ను మెమరీలో ఎక్కడైనా రాయనిస్తాయి. మొజిల్లా పెంచి పోషించిన రస్ట్ భాష ఇలాంటి రాతను చాలావరకు ముందే ఆపేస్తుంది. 2017లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57లో పేజీ రూపురేఖలను లెక్కించే ఇంజిన్ మొత్తం రస్ట్‌లో రాసిందే.

కాస్త వేగం వదులుకుంటే

వెబ్ పేజీల్లోని జావాస్క్రిప్ట్‌ను వేగంగా నడపడానికి బ్రౌజర్లు దాన్ని అప్పటికప్పుడు యంత్ర భాషలోకి మార్చుకుంటాయి. దీన్నే జిట్ అంటారు. అది ఎంత క్లిష్టమైన యంత్రాంగమంటే, క్రోమ్, ఎడ్జ్‌లు వాడే జావాస్క్రిప్ట్ ఇంజిన్‌లో 2019 తర్వాత నమోదైన భద్రతా లోపాల్లో దాదాపు 45 శాతం దానికి సంబంధించినవేనని 2021లో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బృందం లెక్కగట్టింది. అది లేకుండానే బ్రౌజర్‌ను నడిపి చూస్తే ఎలా ఉంటుందని ప్రయోగాలు చేసింది. ఆ ప్రయోగం నుంచి వచ్చిన సదుపాయమే ఇప్పుడు ఎడ్జ్ సెట్టింగ్స్‌లో, ప్రైవసీకి సంబంధించిన భాగంలో, వెబ్‌లో మీ భద్రతను పెంచుకోండి అన్న అర్థమిచ్చే స్విచ్‌గా ఉంది. దాన్ని ఆన్ చేసి బ్యాలెన్స్‌డ్ అన్న స్థాయి ఎంచుకుంటే, మీరు ఎక్కువగా వెళ్లని సైట్లలో మాత్రమే జిట్ ఆగుతుంది. క్రోమ్‌లోనూ సైట్ సెట్టింగ్స్‌లో ఇలాంటి స్విచ్ ఉంది. 2022లో యాపిల్ తెచ్చిన లాక్‌డౌన్ మోడ్ కూడా ఇదే పని చేస్తుంది, మరికొన్ని ఆంక్షలు కలుపుతుంది. పాత్రికేయులు, న్యాయవాదులు, హక్కుల కార్యకర్తలు ఈ అసౌకర్యాన్ని భరించడం మేలని నా అభిప్రాయం. పెగాసస్ లాంటివి వెతుక్కుంటూ వచ్చేది ఎక్కువగా వాళ్లలాంటివారి ఫోన్ల కోసమే.

పాత విండోస్ మీద కొత్త బ్రౌజర్

2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. నెల తిరక్కముందే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తీవ్రమైన లోపం బయటపడింది, దాన్ని వాడుకుని దాడులూ జరిగాయి. మరో బ్రౌజర్ వాడుకొమ్మని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమే సలహా ఇచ్చింది. మే 1న మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసి, గడువు ముగిసిన ఎక్స్‌పీకి కూడా మినహాయింపుగా అందించింది. అలాంటి దయ ప్రతిసారీ దక్కదు.

విండోస్ 7, 8.1 మీద పనిచేసే చివరి క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109. ఆ తర్వాతి వెర్షన్లకు కనీసం విండోస్ 10 ఉండాలి. అంటే ఆ ఏడాది సెప్టెంబరు వెబ్‌పీ కథ నడిచేనాటికే అలాంటి కంప్యూటర్లు క్రోమ్ మామూలు అప్‌డేట్ల దారి నుంచి తప్పుకున్నాయి. మన ఊళ్లలోని ఇంటర్నెట్ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో విండోస్ 7 ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడే పిల్లలు ఎంట్రన్స్ దరఖాస్తులు నింపుతారు, పెద్దలు ఆధార్, పాన్ వివరాలు టైప్ చేయిస్తారు. ఇందులో షాపు నడిపేవాళ్లను తప్పుపట్టలేం, కొత్త కంప్యూటర్ కొనడం అందరికీ కుదిరే పని కాదు. కానీ అలాంటి చోట బ్యాంకు ఖాతా తెరవకండి. తెరవక తప్పకపోతే గెస్ట్ విండోలో తెరిచి, పని కాగానే లాగౌట్ చేసి మూసేయండి. పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దనండి. గెస్ట్ విండో మీ జాడలు మిగలకుండా చూస్తుందే తప్ప, ఆ కంప్యూటర్లో ముందే తిష్ఠవేసిన దొంగ ప్రోగ్రామ్‌ను ఆపలేదు.

పాత యంత్రమే ఉన్నవారికి డబ్బు ఖర్చులేని దారి లినక్స్. దాని మీద ఫైర్‌ఫాక్స్, క్రోమియం తాజా వెర్షన్లు నడుస్తాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే మెనూలు కనిపించే లినక్స్‌ను రూపొందించింది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాని మీద ఎడ్జ్ బ్రౌజర్‌కు మాత్రం కనీసం 2028 అక్టోబరు వరకు అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. బ్రౌజర్ తాజాగా ఉన్నా దాని కింద ఉన్న విండోస్ పాతబడిపోతే రక్షణ అంతంత మాత్రమే. ప్రిమకోవ్ దాడిలో కన్నం పడింది సరిగ్గా ఆ రెండూ కలిసేచోటే.

'మీ బ్రౌజర్ పాతబడింది' అని పేజీ చెబితే?

నమ్మవద్దు. అప్‌డేట్ చేయండి అని ఇంతసేపూ చెబుతున్న నేను ఇక్కడ గట్టిగా ఆపుతున్నాను, ఎందుకంటే అప్‌డేట్ మీద మీకు కలిగే శ్రద్ధనే వాడుకునే ముఠాలున్నాయి. హ్యాక్ చేసిన మామూలు సైట్లలో క్రోమ్ బొమ్మతో, నీలం బటన్‌తో అచ్చం అసలుదానిలా ఒక పేజీ పెడతారు. బటన్ నొక్కితే జిప్ ఫైలో, జావాస్క్రిప్ట్ ఫైలో దిగుతుంది. దాన్ని తెరిస్తే దొంగ ప్రోగ్రామ్ లోపలికొస్తుంది. కంప్యూటర్లో బ్రౌజర్ అప్‌డేట్ జరిగేది బ్రౌజర్ మెనూలోనో, సఫారీకైతే సిస్టమ్ అప్‌డేట్లలోనో. వెబ్ పేజీ ఏదీ దాన్ని మీ చేతికి ఫైలుగా ఇవ్వదు.

2024 నుంచి ఇంకో మోసం బాగా వ్యాపించింది. మీరు రోబో కాదని నిరూపించుకోండి అంటూ పేజీ మూడు పనులు చెబుతుంది: విండోస్ మీటతో ఆర్ నొక్కండి, కంట్రోల్‌తో వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి. ఈలోగా ఆ పేజీ మీ క్లిప్‌బోర్డ్‌లోకి ఒక దుష్ట ఆదేశాన్ని కాపీ చేసి ఉంచుతుంది. మీరు ఎంటర్ కొట్టగానే అది నడుస్తుంది. ఇక్కడ బ్రౌజర్‌లో ఏ లోపమూ అక్కర్లేదు, కాబట్టి ఏ మరమ్మతూ దీన్ని ఆపలేదు. రోబో కాదని తేల్చే ఏ నిజమైన పరీక్షా (క్యాప్చా) కీబోర్డుతో రన్ బాక్స్ తెరవమని అడగదు.

ఎక్స్‌టెన్షన్లు చేతులు మారతాయి

ట్యాబ్‌లు మెమరీ తినేయకుండా చూసే ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను 20 లక్షల మందికి పైగా వాడేవారు. 2020లో రచయిత దాన్ని వేరేవాళ్లకు అమ్మేశాడు. కొత్త యజమానుల చేతిలో దాని నడవడి మారింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తొలగించి, వాడుతున్నవారి బ్రౌజర్లలోనూ నిలిపేసింది. 2024 క్రిస్మస్ ముందురోజు సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థ ఉద్యోగి ఒకరు క్రోమ్ స్టోర్ నుంచి వచ్చినట్టున్న దొంగ ఈమెయిల్‌ను నమ్మడంతో, ఆ సంస్థ ఎక్స్‌టెన్షన్ పేరుతో దొంగ వెర్షన్ విడుదలైంది. ఆటోమేటిక్ అప్‌డేట్ దాన్ని నేరుగా వినియోగదారుల బ్రౌజర్లకు మోసుకెళ్లింది. అది దొంగిలించాలని చూసినవాటిలో ముఖ్యమైనవి కుకీలు. మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకు చెప్పే కుకీ చేతికొస్తే పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు.

అప్‌డేట్ల దారిలో ఇలాంటి ప్రమాదం కూడా ఉన్నమాట నిజమే. దానికి విరుగుడు ఎక్స్‌టెన్షన్ల సంఖ్య తగ్గించుకోవడం. బ్రౌజర్ అప్‌డేట్ ఆపేస్తే నష్టమే ఎక్కువ. ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరిచి, ఎందుకు పెట్టుకున్నారో గుర్తురానివన్నీ తీసేయండి. అన్ని సైట్లలోని మీ డేటాను చదవగలదు, మార్చగలదు అన్న అనుమతి ఉన్నవాటిని ముందుగా చూడండి.

ఇప్పటికే ఏదో జరిగిందనిపిస్తే

ముందు ఆ కంప్యూటర్‌ను వైఫై నుంచి తప్పించండి. పాస్‌వర్డ్‌లు మార్చాలి గానీ, అదే కంప్యూటర్ మీద కూర్చుని మార్చితే కొత్తవి కూడా దొంగకు చేరవచ్చు. ఇంకో ఫోన్ నుంచో, నమ్మకమైన కంప్యూటర్ నుంచో మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్ లింకులన్నీ వచ్చేది దానికే. తర్వాత ఖాతా భద్రతా పేజీలో అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. దొంగిలించిన కుకీ పనిచేయకుండా పోయేది ఈ మెట్టుతోనే, చాలామంది మరిచిపోయేదీ ఇదే. బ్యాంకు తర్వాతి వంతు. సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచి దొంగ ప్రోగ్రాములను శుభ్రం చేసే టూల్స్‌ను ఉచితంగా ఇస్తోంది. అవి కూడా తేల్చలేకపోతే ఫైళ్లు కాపీ చేసుకుని విండోస్‌ను మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవడమే నికరమైన దారి. ఖాతాలో డబ్బు కదిలినట్టు మెసేజ్ వస్తే మాత్రం ఇవన్నీ ఆపి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు మరో ఖాతాకు దాటకముందే బ్యాంకులు దాన్ని నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.